నెలతక్కువ పిల్లల పడక కథ



పసిపిల్ల మొదటిసారి బోర్లాపడ్డ రోజున మన ఇళ్ళల్లో బొబ్బట్లు చేసి పంచుతాం. నాలుగో నెలలోనో ఐదో నెలలోనో పిల్ల తనంతట తాను తిరగబడి, తలెత్తి బోసినవ్వు నవ్వితే ఇంటిల్లిపాదికీ పండుగే. అయితే ఆ ముచ్చటకు ఎంతో ముందే, పుట్టిన నాలుగో రోజునో పదో రోజునో, డాక్టర్లే స్వయంగా బోర్లా పడుకోబెట్టే పిల్లలు కొందరున్నారు. వాళ్ళు నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు. బరువు కిలో, కిలోన్నర ఉంటుంది. ఊపిరి తీసుకోవడానికి వెంటిలేటరు అనే యంత్రం సాయం కావలసి వచ్చి, అప్పుడప్పుడే దాని నుంచి బయటపడ్డవాళ్ళు. వాళ్ళను ఎటు తిప్పి పడుకోబెట్టాలన్నది చూడడానికి చిన్న సంగతే. కాని ఆ చిన్న సంగతి వెనుక నూటనలభై ఏళ్ళ పైచిలుకు చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలియక ఇళ్ళల్లో పేచీలు వస్తున్నాయి, ఒక్కోసారి ప్రాణంమీదికీ వస్తుంది. అందుకే ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం.

మాది హుజూర్‌నగర్. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. మా దిక్కు నెలతక్కువ కాన్పు అయితే బిడ్డను సూర్యాపేటకో నల్లగొండకో తీసుకుపోతారు. అక్కడ కుదరకపోతే హైదరాబాదు. నెలో రెండు నెలలో గడిచాక బిడ్డ ఇల్లు చేరుతుంది. చేరిన మొదటి రాత్రే ప్రశ్న మొదలవుతుంది. "దవాఖానల బోర్లేసిండ్రు గదా బిడ్డా, మంచిగ నిద్రపోయింది. ఇంటికాడ ఎందుకు వద్దంటున్నవ్?" అని అత్తగారు అడుగుతుంది. "డాక్టరమ్మ ఎల్లెలుకల పండబెట్టమన్నది అత్తమ్మా" అంటుంది కోడలు. ఇద్దరూ తాము చూసినదీ విన్నదీ చెబుతున్నవాళ్ళే. మరి ఇద్దరి మాటా ఎట్లా నిజమయింది?

మొదట మన పాతకాలం సంగతి చూద్దాం. ఏడో నెల పిల్ల బతుకుతుంది గాని ఎనిమిదో నెల పిల్ల బతకదని మన పెద్దవాళ్ళలో చాలామంది నమ్మేవారు. అది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఏడో నెల పిల్లకంటే ఎనిమిదో నెల పిల్ల బతికే అవకాశమే ఎక్కువ. ఆ రోజుల్లో అటువంటి బిడ్డను దూదిలోనూ మెత్తని పాతచీరలోనూ చుట్టి, గదిలో నిప్పుల కుంపటి పెట్టి, దూదివత్తితో పాలచుక్కలు నోట్లో పిండేవారు. వెచ్చదనం కావాలన్న తెలివి వాళ్ళకున్నది. ఆపైన చేయగలిగింది మాత్రం లేకపోయింది.

ఆ వెచ్చదనాన్నే పద్ధతి ప్రకారం ఏర్పాటు చేసినవాడు ఫ్రాన్సు దేశపు డాక్టరు స్టెఫాన్ టార్నియే. పారిస్‌లో జంతువుల ప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే పెట్టెను చూశాడు. కోడిపిల్లకు చేయగా లేనిది మనిషి పిల్లకు ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. ఆ పెట్టెను చేసినవాడి చేతనే పసిపిల్లలకు కూడా ఒక పెట్టె చేయించి, 1880లో పారిస్‌లోని కాన్పుల ఆసుపత్రిలో పెట్టించాడు. అడుగున వేడినీళ్ళు, పైన పిల్లలు. అంతకుముందు రెండు కిలోలకు తక్కువ బరువున్న పిల్లలు నూటికి 66 మంది చనిపోయేవారు. ఆ పెట్టె వచ్చాక అది 38కి తగ్గింది. ఇప్పుడు మనం ఇంక్యుబేటరు అంటున్నది దాని మునిమనుమరాలే.

టార్నియే శిష్యుడు పియెర్ బుడాన్ ఇంకొక మంచి మాట చెప్పాడు. బిడ్డను పెట్టెలో పెట్టి తల్లిని దూరంగా ఉంచితే, ఆ తల్లికి బిడ్డమీద మమకారం సన్నగిల్లుతుందని ఆయన గమనించాడు. అందుకే తల్లిని ఆసుపత్రికి పిలవాలి, ఆమె పాలే పట్టించాలి అన్నాడు. కాని తరవాత వచ్చినవాళ్ళు పెట్టెను తీసుకున్నంత ఇష్టంగా ఈ మాటను తీసుకోలేదు. అంటురోగాల భయంతో తల్లులను అద్దానికి అవతలే నిలబెట్టారు. దాని ఫలితం ముందుముందు చూస్తాం.

వెచ్చదనం దొరికింది, పాలూ దొరికాయి. మిగిలినది ఊపిరి. నెలతక్కువ పిల్లకు అన్నిటికంటే పెద్ద గండం అదే. మన ఊపిరితిత్తుల్లో కంటికి కనిపించనంత చిన్న గాలితిత్తులు లక్షలు లక్షలు ఉంటాయి. తడిసిన పల్చని ప్లాస్టిక్ సంచి రెండు పొరలూ అంటుకుపోతే విడదీయడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఊపిరి వదిలినప్పుడు ఆ తిత్తులు అలా అంటుకుపోకుండా లోపల నురుగులాంటి ఒక పదార్థం పూసి ఉంటుంది. కడుపులో చివరి వారాల్లోనే అది తగినంత తయారవుతుంది. తొందరపడి పుట్టిన పిల్లకు అది చాలదు. ప్రతి ఊపిరికీ అంటుకున్న తిత్తులను కొత్తగా తెరవలసిందే. ఎంతసేపని తెరుస్తుంది? అలసిపోతుంది.

ఈ కారణాన్ని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ అనే అమెరికా డాక్టరమ్మ, తోటి డాక్టరు మీడ్‌తో కలిసి బయటపెట్టింది. కారణం తెలిసింది గాని మందు ఇంకా రాలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఒక కొడుకు పుట్టాడు, పాట్రిక్ అని పేరు పెట్టారు. అయిదున్నర వారాలు ముందుగా వచ్చాడు. రెండు కిలోలకు పైగానే ఉన్నాడు. అంత పెద్ద దేశానికి అధ్యక్షుడైన తండ్రి, ఎంత పేరున్న డాక్టరును పిలిపించినా ఆ బిడ్డ 39 గంటలే బతికాడు. ఈనాడు అంత బరువున్న పిల్లలు మన జిల్లా ఆసుపత్రుల్లోంచే ఇంటికి పోతున్నారు.

ఊపిరి ఆడని పిల్లకు ఆక్సిజను ఇవ్వాలని ఎవరికైనా తోస్తుంది. 1940లలో అలాగే ఇచ్చారు, ధారాళంగా ఇచ్చారు. పిల్లలు బతికారు గాని కొందరికి చూపు పోయింది. 1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు ఈ కొత్త అంధత్వాన్ని మొదట వివరించాడు. ఎందుకు వస్తున్నదో ఎవరికీ అంతుపట్టలేదు. 1951లో ఆస్ట్రేలియాలో కేట్ కాంప్‌బెల్ అనే డాక్టరమ్మ, ఎక్కువ ఆక్సిజను ఇచ్చినచోటే ఎక్కువమంది పిల్లలు గుడ్డివాళ్ళవుతున్నారని ఎత్తిచూపింది. తరవాత అమెరికాలో జరిపిన పరీక్ష అదే నిజమని తేల్చింది. అప్పటికి లోకంలో పదివేలమంది దాకా పిల్లలకు చూపు పోయిందని అంచనా. భయపడి ఆక్సిజను బాగా తగ్గించేస్తే, ఈసారి ఊపిరందక చనిపోయేవాళ్ళు పెరిగారు. ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే.

ఈ కంటి జబ్బు పోలేదు. చిన్న పిల్లలు బతికేకొద్దీ మన దగ్గరా కనిపించింది. హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు చెందిన డాక్టర్ సుభద్రా జలాలీ, ఆమె తోటివారూ నవజాత శిశువుల వార్డులకే వెళ్ళి పిల్లల కళ్ళు పరీక్షించే ఏర్పాటు చేశారు. నెలతక్కువ బిడ్డకు పుట్టిన ముప్ఫై రోజుల్లోపల కళ్ళు చూపించాలన్నది వాళ్ళ మాట. మీ బంధువుల్లో ఎవరికైనా అటువంటి బిడ్డ ఉంటే ఈ మాట తప్పకుండా చెప్పండి. ముప్ఫై రోజులు దాటితే ఆలస్యమే.

ఇక యంత్రాల కాలం. 1960లలో పసిపిల్లలకు వెంటిలేటరు వాడడం మొదలయింది. సన్నని గొట్టం గొంతులోంచి లోపలికి వేసి, యంత్రం చేత ఊపిరి పోయించడం. అమెరికాలో మిల్డ్రెడ్ స్టాల్‌మన్ అనే డాక్టరమ్మ 1961లో ఆ పనికి పూనుకున్న తొలివారిలో ఒకరు. 1971లో గ్రెగరీ అనే డాక్టరు, బిడ్డే ఊపిరి తీసుకుంటుండగా గాలి ఒత్తిడితో తిత్తులు మూసుకోకుండా తెరిచి ఉంచే ఉపాయం చెప్పాడు. 1972లో న్యూజీలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ అనే ఇద్దరు, కాన్పు ముందే వచ్చేట్టుంటే తల్లికి ఇంజెక్షన్ ఇచ్చి బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా సిద్ధం చేయవచ్చని చూపించారు. 1980లో జపాన్‌లో ఫుజివారా, ఆ కరువైన నురుగు పదార్థాన్నే మందుగా తయారుచేసి పదిమంది పిల్లలకు ఇచ్చి కాపాడే దారి చూపాడు. ఇరవై ఏళ్ళలో లోకమే మారిపోయింది.

మన హైదరాబాదు కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏడవ నిజాం రెండవ కోడలు నీలోఫర్ ఇస్తాంబుల్‌లో పుట్టిన రాకుమారి. 1949లో ఆమె పరిచారిక రఫతున్నీసా కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలో ఆమె, ఇంకే రఫత్ కూడా ఇట్లా పోకూడదని, స్త్రీలకూ పిల్లలకూ ఒక ఆసుపత్రి కావాలని పట్టుబట్టింది. 1953లో నీలోఫర్ ఆసుపత్రి వచ్చింది. ఆమెకు సంతానం లేదు. మా నల్లగొండ వైపు నుంచి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పరుగెత్తిన తల్లులకు లెక్కలేదు. ఒక పరిచారిక చావు ఎన్నివేల బిడ్డలకు తల్లి అయిందో చూడండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బిడ్డకు గొట్టం తీసేశారు. ఇక తన ఊపిరి తనదే. ఆ మొదటి ఒకటి రెండు రోజులు డాక్టర్లకూ నర్సులకూ కంటిమీద కునుకుండదు. బిడ్డ అలసిపోతే మళ్ళీ గొట్టం వేయాలి. ఎందుకు అలసిపోతుంది? నెలతక్కువ పిల్ల పక్కటెముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము పైకి లేవడానికి బదులు లోపలికి పీక్కుపోతుంది, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. సగం శ్రమ వృథా. అటువంటి బిడ్డను బోర్లా వేస్తే మెత్తని రొమ్ముకు పరుపు దన్నుగా నిలుస్తుంది. రొమ్మూ పొట్టా ఒక్క తాళంలో కదులుతాయి.

దీన్ని మొదట గమనించినది ఎవరో నర్సులే కావచ్చునని నాకు తోస్తుంది, రాత్రింబవళ్ళు పిల్లల పక్కన ఉండేది వాళ్ళే గదా. డాక్టర్లు కొలిచి చెప్పినది 1979లో. ఆ ఒక్క ఏడే అమెరికాలో రెండుచోట్ల, బోర్లా వేసినప్పుడు నెలతక్కువ పిల్లల రక్తంలో ఆక్సిజను పెరిగిందని ప్రకటించారు. 2003లో బ్రెజిల్ డాక్టర్లు వెంటిలేటరు నుంచి తప్పిస్తున్న 42 మంది పిల్లల్ని తీసుకుని, సగంమందిని బోర్లా, సగంమందిని వెల్లకిలా ఉంచి చూశారు. బోర్లా ఉన్నవాళ్ళలో మళ్ళీ గొట్టం వేయవలసి వచ్చినవాళ్ళు తక్కువ. అది చిన్న పరీక్ష. తరవాత అన్ని పరీక్షలనూ కలిపి చూసినవాళ్ళు, బోర్లా వేస్తే ఆక్సిజను కొద్దిగా మెరుగయ్యే మాట నిజమే గాని, ఆ మేలు ఎంతకాలం నిలుస్తుందో తేలలేదన్నారు. అంటే ఇది అద్భుతమేమీ కాదు. కష్టంలో ఉన్న బిడ్డకు ఒక చిన్న ఆసరా.

ఆ ఆసరా ఇవ్వడంలోనూ పనితనం ఉన్నది. తల ఒక పక్కకు తిప్పి, ముక్కూ నోరూ స్పష్టంగా కనిపించేట్టు ఉంచుతారు. చేతులు ముఖానికి దగ్గరగా, మోకాళ్ళు పొట్టకిందికి మడిచి పెడతారు, అమ్మ కడుపులో ముడుచుకున్నట్టే. మెత్తని గుడ్డలు చుట్టలుగా చుట్టి చుట్టూ పిట్టగూడులా అమరుస్తారు. చేతులూ కాళ్ళూ బార్లా చాపి వదిలేస్తే బిడ్డ బెదిరిపోతుంది, తరవాత కీళ్ళు కూడా ఆ తీరుకే అలవాటు పడతాయి. కొన్ని గంటలకొకసారి పక్క మారుస్తారు, లేకపోతే తల ఒకవైపు అణిగిపోతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ బిడ్డ పాదానికి ఎర్రలైటు వెలిగే పట్టీ ఒకటి ఉంటుంది. ఊపిరి ఆగినా, ఆక్సిజను తగ్గినా మిషను కూత పెడుతుంది, నర్సు పరుగెత్తుకొస్తుంది. ఈ పట్టీనీ ఈ నర్సునీ గుర్తుపెట్టుకోండి. మన అత్తాకోడళ్ళ పేచీకి జవాబు అక్కడే ఉన్నది.

ఎందుకంటే పడమటి దేశాలవాళ్ళు ఆ రెంటినీ మరచిపోయారు. 1950ల నడుమ నుంచే అమెరికాలో డాక్టర్ స్పాక్ రాసిన పిల్లల పెంపకం పుస్తకం పిల్లలను బోర్లా పడుకోబెట్టమని చెబుతూ వచ్చింది. వెల్లకిలా ఉంటే కక్కుకుని ఉక్కిరిబిక్కిరి అవుతారని భయం. 1970లలో ఆసుపత్రుల్లో నెలతక్కువ పిల్లలకు బోర్లా మంచిదని తెలిసేసరికి ఆ మాటకు బలం చేకూరింది. నిండు నెలల పిల్లలనూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లలనూ ఇళ్ళల్లో బోర్లానే వేశారు. రాత్రి పాలుతాగి పడుకున్న బిడ్డ తెల్లారేసరికి చనిపోయి ఉండేది. దెబ్బ లేదు, జ్వరం లేదు. తొట్టి మరణం అని పేరు పెట్టారు. ఎందరో తల్లులు తమనే నిందించుకున్నారు.

నెదర్లాండ్స్‌లో 1987లో కొందరు డాక్టర్లు ధైర్యం చేసి, బోర్లా వేయవద్దని చెప్పారు. మరణాలు తగ్గాయి. న్యూజీలాండ్‌లో 1991లో అదే జరిగింది. ఇంగ్లండులో టెలివిజన్ కార్యక్రమాలు చెప్పే యాన్ డైమండ్ కొడుకు ఆ ఏడాదే అలా చనిపోయాడు. న్యూజీలాండ్‌లో తెలిసిన సంగతి మా దేశంలో తల్లులకు ఎందుకు చెప్పలేదని ఆమె ప్రభుత్వాన్ని నిలదీసింది. 1991 డిసెంబరులో అక్కడ ప్రచారం మొదలయింది, కొద్ది ఏళ్ళలోనే ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అమెరికాలో 1994లో ప్రచారం మొదలుపెట్టారు. 2005లో కొందరు పరిశోధకులు పాత కాగితాలన్నీ తిరగేసి, 1970 నాటికే ఈ ప్రమాదం తెలుసుకునే వీలుండిందనీ, అప్పుడే చెప్పి ఉంటే ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో యాభైవేలకు తక్కువ కాకుండా పిల్లలు బతికేవారనీ లెక్కకట్టారు. యాభైవేల తొట్లు ఖాళీ అయ్యాయి. చెప్పినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. మిషను చూస్తుండగా మేలుచేసిన పడకను, ఎవరూ చూడని అర్ధరాత్రికి తీసుకుపోయారు, అంతే.

ఇదే మన అత్తగారికి జవాబు. దవాఖానలో బిడ్డను బోర్లా వేసిన మాట నిజమే. కాని అక్కడ ఎర్రలైటు పట్టీ ఉన్నది, మెలకువగా నర్సు ఉన్నది. ఇంట్లో రాత్రి రెండు గంటలకు అలసిపోయిన బాలింత ఒక్కతే ఉన్నది. బోర్లా పడుకున్న పిల్ల గాఢంగా నిద్రపోతుంది, నిజమే. ఆ గాఢనిద్రలోంచి ఊపిరి కోసం తేరుకోలేకపోవడమే ప్రమాదం. నెలతక్కువ పిల్లలకు ఈ ప్రమాదం నిండు నెలల పిల్లలకంటే ఎక్కువ. అందుకే బిడ్డ కాస్త కుదుటపడగానే, ఇంటికి పంపడానికి చాలా ముందునుంచే, ఆసుపత్రిలో వెల్లకిలా అలవాటు చేస్తారు. మన పెద్దవాళ్ళు ఉయ్యాలలో వెల్లకిలానే వేసేవారు గదా. ఈ విషయంలో స్పాక్ గారికంటే మన అవ్వలే నయం. అయితే చీర ఉయ్యాలలో చిన్న బిడ్డ నడుం వంగి, గడ్డం రొమ్ముకు ఆనుకుని ఊపిరిగొట్టం నొక్కుకుపోవచ్చు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా నిద్రలో వద్దు. చదునైన, గట్టి పక్క చాలు. పగలు మేలుకుని ఉన్నప్పుడు, మనం ఎదురుగా కూర్చుని, కాసేపు బోర్లా వేసి ఆడించడం మంచిదే.

మరి ఇంట్లో బోర్లా ఎప్పుడూ వద్దా? ఒక్కచోట మాత్రం కావాలి. 1978లో దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు బొగొటా నగరంలో, ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఉంచవలసి వచ్చేది. డాక్టర్ ఎడ్గార్ రే, ఆయన తరవాత డాక్టర్ మార్టినెజ్, ఆ పిల్లలను తల్లుల రొమ్ముల నడుమ ఒంటికి ఒళ్ళు తగిలేట్టు నిలువుగా కట్టారు. కంగారూ సంచిలో పిల్ల ఉన్నట్టు. బిడ్డ అక్కడ బోర్లానే ఉంటుంది. తల పక్కకు తిప్పి, కాళ్ళు కప్పపిల్లలా మడిచి ఉంటుంది. వెచ్చదనం తల్లిది, పాలు తల్లివి, బిడ్డ ఊపిరి తప్పితే తెలుసుకునే కాపలా కూడా తల్లే. బుడాన్ ఏనాడో చెప్పిన మాట పేదరికం పుణ్యమా అని తిరిగి వచ్చింది.

పేదవాళ్ళ వైద్యమని దాన్ని చిన్నచూపు చూసినవాళ్ళున్నారు. 2021లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రీ, నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రులూ కలిసి చేసిన పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టినప్పటినుంచే తల్లి రొమ్ముమీద పెట్టినచోట నెలలోపు మరణాలు నూటికి సుమారు 16 నుంచి 12కు తగ్గాయి. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఎనిమిది గంటలనుంచి ఇరవైనాలుగు గంటల దాకా ఇలా ఉంచమంటున్నది. తల్లి అలసిపోతే తండ్రి కట్టుకోవచ్చు, అమ్మమ్మా నానమ్మా కట్టుకోవచ్చు. కట్టుకున్నవాళ్ళు కాస్త వెనక్కు వాలి కూర్చోవాలి, బిడ్డ ముక్కు కనబడుతూ ఉండాలి, కునుకు వస్తున్నట్టుంటే బిడ్డను ఇంకొకరికి అందించాలి.

కనుక అత్తగారికి ఇక పేచీ పడే పనిలేదు, చేయడానికి పనే దొరికింది. పగలు ఆమె రొమ్ముమీద బోర్లా, రాత్రి తొట్టిలో వెల్లకిలా. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క ఇబ్బంది ఉండవచ్చు, కాబట్టి నేను చెప్పానని కాక, మీ బిడ్డను చూసిన డాక్టరునే అడగండి. ఇంటికి పంపే రోజున మందుల చీటీ ఒక్కటే తీసుకుని ఆటో ఎక్కకండి. ఎలా పడుకోబెట్టాలో, ఎలా కట్టుకోవాలో, ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే పరుగెత్తుకు రావాలో నర్సమ్మ చేత చేసి చూపించమనండి. ఆమె ముందే మీరూ ఒకసారి చేసి చూపించండి. పక్కన మీ అత్తగారినీ ఉండనివ్వండి.